నల్లా బిల్లు ఎవరితో మాట్లాడుతోంది?

సింగపూర్‌లో ఒక్కో మనిషి ఇంట్లో రోజుకు సగటున 141 లీటర్ల నీళ్లు వాడుతున్నట్టు 2023 లెక్క. నలుగురున్న ఇంటికి నెలకు దాదాపు పదిహేడు వేల లీటర్లు. 2025 ఏప్రిల్ నుంచి అక్కడ వెయ్యి లీటర్లకు అన్నీ కలిపి 3.24 డాలర్లు కాబట్టి ఆ ఇల్లు నీళ్ల కిందే నెలకు 55 సింగపూర్ డాలర్లు కట్టాలి. మన డబ్బులో మూడున్నర వేల రూపాయల పైనే, జీఎస్‌టీ కాక. అదే కుటుంబం ఒక్క అలవాటూ మార్చుకోకుండా హైదరాబాద్ వచ్చి మియాపూర్‌లోనో మలక్‌పేటలోనో కాపురం పెడితే, నల్లాకు పనిచేసే మీటర్, దానికి ఆధార్ అనుసంధానం ఉంటే చాలు, నగర నీటి సంస్థ జలమండలికి కట్టాల్సింది ఏమీ ఉండదు. నెలకు ఇరవై వేల లీటర్ల దాకా ఇక్కడ ఉచితం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒక ఊరిని మెచ్చుకుని ఇంకో ఊరిని తిట్టిపోయడం అన్యాయం. రెండు ఊళ్ల ఆదాయాలకు పొంతన లేదు. సింగపూర్‌లో కొళాయి తిప్పితే ఏ వేళనైనా నీళ్లు వస్తాయి; హైదరాబాద్‌లో చాలా బస్తీలకు, కాలనీలకు రోజు విడిచి రోజు, అదీ కాసేపే వస్తాయి. నేను పోల్చదలచుకున్నది బిల్లు మొత్తాన్ని కాదు. ఇంకో రెండు బకెట్లు వాడితే ఏమవుతుంది, రెండు బకెట్లు తగ్గిస్తే ఏం మిగులుతుంది అని ఇంటివాళ్లు అడిగితే ఆ బిల్లు ఏమని జవాబిస్తుందో, అది పోల్చాలి. పేదవాడికి నీళ్లు అందించడం ఒక పని. నీటి విలువ అందరికీ తెలియజెప్పడం ఇంకో పని. హైదరాబాద్ ఈ రెంటినీ ఒకే అంకెలో ఇరికించింది. దాంతో రెండో పని పూర్తిగా చేజారింది, మొదటిది సగమే నెరవేరింది.

ఆ అంకె ఎలా వచ్చిందో అందరికీ గుర్తే. 2020 డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికలు. అంతకు కొద్ది రోజుల ముందు నవంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఉచిత నీటి హామీ ప్రకటించారు. 2021 జనవరిలో అప్పటి మంత్రి కేటీఆర్ పథకాన్ని ప్రారంభించారు, డిసెంబర్ వాడకం నుంచే వర్తింపజేశారు. అంతకు ముందే ఢిల్లీలో ఆమ్ ఆద్మీ పార్టీ ప్రభుత్వం ఇదే ఇరవై వేల లీటర్ల గీత గీసి ఉంది. ఆ గీత ఢిల్లీది, మన నీటి అవసరాలను కొలిచి గీసుకున్నది అనిపించదు.

ఇరవై వేలంటే ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 167 లీటర్లు. మహానగరాలకు కేంద్రం పెట్టుకున్న ప్రమాణమే 150. అంటే ఉచితం అన్నది తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి కావలసిన కనీసపు నీళ్లకు ఆగలేదు. మామూలు ఇంటి మొత్తం వాడకాన్నీ దాటి, కారు కడుక్కోవడానికి కూడా మిగిలేంత ఉంది. పన్నెండు వేలతో సరిపెట్టుకున్న ఇల్లాలికీ సున్నా బిల్లే, పంతొమ్మిది వేలు పారబోసిన ఇంటికీ సున్నా బిల్లే. ఆమె జాగ్రత్తను ఆ కాగితం గుర్తించదు. బకెట్లో పట్టుకున్న బియ్యం కడుగు మొక్కలకు పోసే ఇళ్లు ఈ ఊళ్లో లక్షల్లో ఉంటాయి. వాళ్ల పొదుపుకు బిల్లులో ఒక గడి కూడా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పథకంలో మంచి లేదని నేను అనను. నల్లాకు మీటర్ పెట్టించుకుంటేనే ఉచితం అన్న షరతు చాలా విలువైనది. మీటర్ లేని కనెక్షన్లు కోకొల్లలుగా ఉన్న ఊళ్లో, ఏళ్ల తరబడి నోటీసులతో కదలనివాళ్లను ఆ షరతు కదిలించింది. గడువులు పలుమార్లు పొడిగించినా సరే, మీటర్ బిగించిన ప్రతి ఇల్లూ రేపటి సంస్కరణకు పునాది. మురికివాడల ఇళ్లకు మీటర్ షరతు పెట్టకుండా వదిలేయడం కూడా మానవత్వమే. ఆ బస్తీల్లో నల్లా బిల్లు మాఫీ కావడం నెల ఖర్చులో లెక్కకొచ్చే ఊరట. అయితే అదే ఊరట బంజారాహిల్స్ బంగ్లాకూ అదే కొలతలో ఎందుకు అందాలో ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

పైగా గీతను మనుషులకు కాకుండా కనెక్షన్‌కు, అపార్ట్‌మెంట్లలోనైతే ఫ్లాట్‌కు గీశారు. పాతబస్తీలో ఒకే నల్లా మీద మూడు కుటుంబాలు, పైన ఇద్దరు కిరాయిదారులు ఉండే ఇళ్లున్నాయి. పన్నెండు మంది పంచుకుంటే మనిషికి రోజుకు 55 లీటర్లే ఉచితం. ఇద్దరే ఉండే ఫ్లాట్‌లో మనిషికి 333. పేదల పేరు మీద గీసిన గీత కింద పేదలకే తక్కువ దక్కుతోంది.

ఇప్పుడు సింగపూర్ వైపు చూద్దాం. ఆ ద్వీపానికి పెద్ద నదుల్లేవు, భూగర్భ జలాలు లేవనే చెప్పాలి. మలేషియాలోని జొహోర్ నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తెచ్చుకునేలా 1962లో చేసుకున్న ఒప్పందం 2061తో ముగుస్తుంది. ఆ ముడినీటికి వెయ్యి గ్యాలన్లకు వాళ్లు చెల్లించేది మూడు మలేషియా సెన్‌లు, అంటే దాదాపు ఉచితమే. కారుచౌకగా వచ్చే నీటిని కారుచౌకగా పంచొచ్చు కదా? పంచలేదు. ఒప్పందం ముగిశాక ఇంకో చుక్క కావాలంటే సముద్రపు నీటి ఉప్పు తీయాలి, లేదా వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడాలి. ఆ ఖరీదైన రేపటి చుక్క ధరనే ఈరోజు వసూలు చేయాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఈ ఒక్క నిర్ణయంలో ఉన్న ముందుచూపు నాకు వాళ్ల ఇంజినీరింగ్ అంతటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఈ లెక్క మనకూ వర్తించేదే. ఉస్మాన్‌సాగర్ 1920 నాటిది, హిమాయత్‌సాగర్ 1927 నాటిది. అప్పటి నీళ్లు ఊరి పొలిమేర నుంచి పల్లానికి వచ్చేవి. తర్వాత మంజీరా, సింగూరు. 2004 నుంచి కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, 2015 నుంచి గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి నూట ఎనభై కిలోమీటర్లకు పైగా, ఎత్తు మీద ఎత్తు మోటార్లతో తోడుకుంటూ వస్తున్నాయి. ప్రతి కొత్త దశా పాతదానికన్నా దూరం, పాతదానికన్నా కరెంటు ఖర్చు. హైదరాబాద్ బిల్లులో ఈ దూరం ఎక్కడా కనిపించదు.

సింగపూర్ బిల్లులో మూడు వరుసలుంటాయి: నీటి ధర 1.43 డాలర్లు, దాని మీద 50 శాతం నీటి పొదుపు పన్ను, వాడిన నీటిని తీసుకెళ్లి శుద్ధి చేసినందుకు 1.09 డాలర్లు. పొదుపు పన్ను 1991 నుంచి ఉంది. తొలి లీటరు నుంచే పడుతుంది. నీటి సంస్థ దాన్ని వసూలు చేసి ప్రభుత్వ ఖజానాకు జమ చేస్తుంది. మూడో వరుస మీద కాసేపు ఆగాలి. ఇంట్లోకి వచ్చిన నీళ్లలో అత్యధిక భాగం మురుగుగా బయటికి పోతాయి, ఆ మురుగును శుద్ధి చేయడానికి డబ్బు కావాలి. హైదరాబాద్‌లో సీవరేజ్ సెస్సును నీటి ఛార్జీలో ఇంత శాతమని లెక్కగడతారు. నీటి ఛార్జీ సున్నా అయినప్పుడు ఆ శాతమూ సున్నానే. ఇంటి నుంచి వెళ్లే మురుగు మాత్రం సున్నా కాదు. అది ఎటు పోతుందో మూసీ వంతెన దాటే ప్రతివాళ్లకీ తెలుసు.

మరి సింగపూర్ పేదల సంగతి? వాళ్ల ప్రభుత్వ గృహాల్లో ఉండే కుటుంబాలకు యూ-సేవ్ పేరుతో బిల్లులో డబ్బు జమ చేస్తారు. ఇల్లు చిన్నదైనకొద్దీ జమ ఎక్కువ. అది ఇన్ని లీటర్లు ఉచితం అన్న రూపంలో ఉండదు, ఇన్ని డాలర్లు అన్న రూపంలో ఉంటుంది. నీళ్లు తక్కువ వాడితే జమ మిగులుతుంది, మిగిలింది తర్వాతి బిల్లుకు పోతుంది. ఈ చిన్న తేడాలోనే నా వాదన అంతా ఉంది. సాయం అందింది, అయినా ఇంకో బకెట్ ధర ఇంకో బకెట్ ధరగానే నిలిచింది. చాకిరీ చేసుకుని బతికే మనిషి కూడా పొదుపు చేస్తే లాభపడగలడు. హైదరాబాద్ ఉచితం ఆ అవకాశాన్ని పేదవాడికి ఇవ్వలేదు.

అయితే సింగపూర్‌ను చూసి ధర పెంచితే వాడకం తగ్గుతుందన్న సూత్రం పట్టుకు వచ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. 2017లో రెండు విడతల్లో 30 శాతం ధర పెంచుతామని ప్రకటించినప్పుడు, నిరసనలు అరుదైన ఆ దేశంలో కూడా హాంగ్ లిమ్ పార్కులో జనం చేరి అభ్యంతరం చెప్పారు. తర్వాత తలసరి వాడకం తగ్గిన మాట నిజం: 2016లో 148 లీటర్లు, 2018లో 141. కానీ 2021లో, అంతే ధర ఉండగా, 158కి ఎక్కింది. కోవిడ్‌తో జనం ఇళ్లలో ఉండిపోయారు, అంతే. 2003లో 165 ఉన్నది ఇక్కడిదాకా దిగడంలో కొళాయిలకు, వాషింగ్ మెషీన్లకు నీటి వాడకపు లేబుళ్లు తప్పనిసరి చేయడానికి, ఇంటింటికీ నమ్మదగిన మీటర్ ఉండటానికి కూడా వాటా ఉంది. ఇంకో మాట. నెలకు 40 వేల లీటర్లు దాటితే ఎక్కువ రేటు అన్న వాళ్ల రెండో స్లాబు దాదాపు అలంకారమే. సగటు ఇల్లు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. పై స్లాబు భయం సింగపూర్‌ను పొదుపరిని చేయలేదు. తొలి లీటరుకే ధర ఉండటం, ఆ ధర ఎప్పుడూ మారుమూల దాక్కోకుండా ఉండటం చేసింది.

పై స్లాబులతోనే పొదుపు నేర్పాలనుకున్న ఊరు కేప్‌టౌన్. ఆ కథ హైదరాబాద్‌కు సింగపూర్ కన్నా దగ్గరిది. అక్కడా పేదరికం ఉంది, అక్కడా ఉచిత నీళ్లున్నాయి, అక్కడా బంగ్లాలూ రేకుల గదులూ పక్కపక్కనే ఉన్నాయి. దక్షిణాఫ్రికా 2001లో ప్రతి ఇంటికీ నెలకు ఆరు వేల లీటర్ల కనీస నీరు ఉచితం అన్న విధానం తెచ్చింది. వాళ్ల ఉచితం ఆరు వేలు, మనది ఇరవై వేలు. ఆరు వేలు ఎనిమిది మందికి పంచితే మనిషికి రోజుకు 25 లీటర్లే, అది మరీ తక్కువని అక్కడి ఉద్యమకారులు కోర్టుల దాకా వెళ్లారు. వాళ్ల వాదనతో నాకు పేచీ లేదు. కానీ ఆరు వేల దగ్గర ఆగడం వల్ల, ఆ పైన వాడే ప్రతి వెయ్యి లీటర్లకూ స్లాబుల వారీగా ధర చెప్పగలిగే చోటు వాళ్లకు మిగిలింది.

2015 నుంచి వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. 2017 జూలైలో ఆ ఆరు వేల ఉచితాన్ని అందరికీ ఎత్తేసి, పేదలుగా నమోదైన ఇళ్లకే ఉంచారు. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. పై స్లాబుల ధరలు మామూలు ఇల్లు భరించలేనంత ఎత్తుకు తీసుకెళ్లారు. కొళాయిలు కట్టేసే రోజు, డే జీరో, ఏప్రిల్‌లో వస్తుందని తేదీ వేశారు. ఆ రోజు వస్తే దాదాపు 200 కేంద్రాల దగ్గర జనం వరసలో నిలబడి మనిషికి 25 లీటర్లు మోసుకెళ్లాలి. ఏ ఇల్లు పొదుపుగా వాడుతోందో పచ్చ చుక్కలతో చూపే పటాన్ని నగరపాలక సంస్థే బయటపెట్టింది. 2015 వేసవిలో రోజుకు 120 కోట్ల లీటర్ల దాకా వెళ్లిన వాడకం సగానికన్నా దిగువకు పడిపోయింది. 2018 జూన్‌లో వానలు పడ్డాయి. డే జీరో రాలేదు.

దీన్ని ధరల విజయంగా రాసుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ధర, భయం, పటం, కట్టడి అన్నీ ఒకేసారి వచ్చాయి. డబ్బున్నవాళ్లు చాలామంది బోర్లు వేయించుకుని స్లాబుల నుంచి తప్పుకున్నారు. యజమాని ఇంటి వెనక గదుల్లో అద్దెకుండే కుటుంబాలు ఒకే మీటర్ మీద ఉండి పై స్లాబులోకి ఎక్కాయి. ఇంట్లో మనుషులు ఎక్కువమంది ఉన్నారని దరఖాస్తు పెట్టుకుంటే కోటా పెంచే ఏర్పాటు ఉంది గానీ, నగరంతో కాగితాలు నడిపే ఓపిక, తీరిక ఎవరికుంటాయి? కనెక్షన్‌కు గీసిన గీత పాతబస్తీలో ఉచితాన్ని తగ్గించినట్టే, అక్కడ జరిమానాను పెంచింది. రెండు ఊళ్లలోనూ దెబ్బ తగిలింది ఇంటినిండా మనుషులున్న పేదకే.

ఆ తర్వాత జరిగింది మరీ చేదు. జనం నీళ్లు ఆదా చేసేసరికి నీటి రాబడి పడిపోయింది. పంపులు, పైపులు, జీతాల ఖర్చు అలాగే ఉంది. 2018 జూలైలో కొళాయి పైపు సైజును బట్టి నెలనెలా స్థిర రుసుము తెచ్చారు. వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. మేం పొదుపు చేస్తే మాకే వడ్డించారా అని జనం మండిపడ్డారు, అందులో న్యాయం ఉంది. నీళ్లమ్మే సంస్థను ఎక్కువ అమ్మితేనే బతికే స్థితిలో ఉంచి, తక్కువ వాడండి అని దానిచేతే చెప్పించడం కుదరదు. స్థిర ఖర్చుకు స్థిర రుసుము ముందునుంచే, వేరే వరుసగా, ఎందుకో వివరంగా చెప్పి పెట్టి ఉంటే ఆ కోపం వచ్చేది కాదు. కరువు మధ్యలో నేర్పిన పాఠం శిక్షలాగే అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో కరువు ప్రతి వేసవిలోనూ ట్యాంకర్ రూపంలో వస్తుంది. ఇక్కడే మన ధరల అసలు గందరగోళం బయటపడుతుంది. ఉచిత పథకం వచ్చేనాటి టారిఫ్‌లో ఇళ్లకు తొలి పదిహేను వేల లీటర్లకు వెయ్యికి 10 రూపాయలు, ఆ తర్వాతి స్లాబుకు 12. అంటే ఇరవై వేల లీటర్ల ఉచితం విలువ 210 రూపాయలు, సీవరేజ్ సెస్సు కలిపినా మూడొందలు దాటదు. జలమండలి ట్యాంకర్ ఐదు వేల లీటర్లకు 500. ప్రైవేటు ట్యాంకరైతే ఏప్రిల్, మే నెలల్లో అడిగిందే ధర. నల్లాలో వెయ్యి లీటర్లకు పది రూపాయలు లేదా సున్నా, గేటు దగ్గర వందా ఆపైన. ఒకే ఊళ్లో, ఒకే సంపులోకి, ఒకే రోజున.

ఆ సంపే నీటి ధరను మింగేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ సంపులో కలిసి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కుతాయి. జలమండలి మీటర్ కింద గేటు దగ్గర ఒక్కటే. ఖర్చును అసోసియేషన్ ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచి మెయింటెనెన్స్‌లో కలిపేస్తుంది. ఇద్దరు ముసలివాళ్లున్న ఫ్లాట్‌కూ, ఆరుగురుండి రోజూ బాల్కనీ కడిగే ఫ్లాట్‌కూ అదే వాటా. ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతున్నా కిరాయిదారుకు ఒక్క రూపాయి తేడా రాదు. బోరు నీటికైతే మోటారు కరెంటు తప్ప ధరే లేదు. నేల కింద నీళ్లు అడుగంటితే ఇంకో వంద అడుగులు దింపుతారు. సింగపూర్‌లో ప్రతి ఫ్లాట్‌కూ మీటర్ ఉంది కాబట్టి ధర మాట్లాడగలుగుతోంది. ఇక్కడ వెయ్యి లీటర్లకు వంద రూపాయలు పెట్టినా వినడానికి అవతల ఎవరూ లేరు.

కాబట్టి ఉచితం ఎత్తేయండి అన్న డిమాండ్ నాది కాదు. దాన్ని లీటర్ల నుంచి రూపాయల్లోకి మార్చమంటున్నాను. ప్రతి ఇంటి బిల్లులో మూడొందల రూపాయలు జమ వేయండి, ఇప్పుడు వదులుకుంటున్నదీ అంతే కదా. తొలి లీటరు నుంచి ధర చూపించండి. పన్నెండు వేలతో గడిపిన ఇంటికి మిగిలిన జమను పైనెలకు పంపండి. నల్లా పంచుకునే కుటుంబాలకు ఇంటి నంబరును బట్టి కాకుండా రేషన్ కార్డును బట్టి జమ వేయండి. ఆధార్ అడిగినవాళ్లకు అది పెద్ద పని కాదు. మురుగు శుద్ధికి వేరే వరుస, పైపుల నిర్వహణకు వేరే వరుస పెట్టండి. బోర్లకూ మీటర్లు పెట్టి ఆ లెక్కనూ ఇదే కాగితం మీదికి తీసుకురండి. ఈ మార్పులో ఇప్పుడు సున్నా కడుతున్న పొదుపరి ఎవరూ నష్టపోరు, కొందరికి నాలుగు రూపాయలు మిగులుతాయి. ఎన్నికల భయంతో వెనకాడాల్సింది ఏముంది?

కష్టమైనది ఒక్కటే, అదే ముందు జరగాలి. కడుతున్న ప్రతి కొత్త అపార్ట్‌మెంట్‌కూ ఫ్లాట్‌కో నీటి మీటర్ లేనిదే నివాసయోగ్యతా పత్రం ఇవ్వకూడదు. పాత భవనాల్లో బాత్రూమ్‌కో పైపు, వంటింటికో పైపు వేర్వేరుగా దిగుతాయి కాబట్టి ఒక్క ఫ్లాట్‌కే మూడు నాలుగు మీటర్లు కావలసి వస్తాయి, ఖర్చవుతుంది. ఆ ఖర్చులో సగం జలమండలి భరించాలి. ఒకప్పుడు ఉచితం ఆశ చూపి గేటు దగ్గరికి మీటర్ తెప్పించిన సంస్థ, ఈసారి దాన్ని ఫ్లాట్ తలుపు దాకా తీసుకెళ్లడానికి ఇంకో షరతు పెట్టగలదు.